ఫొటోలో లేని ఇల్లు

తుపాను వచ్చింది, పోయింది. దానితో పెద్ద చిక్కు లేదు. మా తీరానికి అది ఏటా వచ్చే చుట్టమే. ఈసారి దాని వెనకాల ఒక ఫొటో వచ్చింది. అది మాత్రం పోలేదు.

అప్పట్లో ఆ ఫొటో చూడనివాళ్లు లేరు. నల్లటి ఆకాశం. దాని కింద ఒంటరిగా ఒక గుమ్మం. గోడలు లేవు, పైకప్పు లేదు, గడపకు పూసిన పసుపు మాత్రం అలాగే ఉంది. గుమ్మం ముందు బురదలో మోకాళ్ల మీద ఒక ఆడమనిషి. చినిగిన చీర. ముందుకు చాపిన రెండు చేతులు. తెరిచిన నోరు. కింద పేపరువాళ్లు పెట్టిన మాట: 'దేవుడా, ఇక నాకు దిక్కెవరు?'

ఆ పొద్దున పట్నాల్లో చాలామంది కాఫీ చల్లారబెట్టుకున్నారు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి సగంలో ఆగి కళ్లు తుడుచుకుంది. బియ్యం, దుప్పట్లు, సిమెంటు, ఇనుప ఊచలు లారీల మీద లారీలు మా గుల్లలపేటకు బయల్దేరాయి. గుల్లలపేట అనే ఊరు ఒకటుందని మా జిల్లాలోనే చాలామందికి తెలియదు. తుపాను చేయలేని పని ఫొటో చేసింది.

అంత శక్తి గల వస్తువును ఊరికే వదిలేస్తే ప్రభుత్వం ప్రభుత్వం కాదు. వెంటనే 'విపత్తు భావోద్వేగ దృశ్య పరిరక్షణ సంస్థ' ఏర్పడింది. దానికి ప్రత్యేకాధికారిగా పరాంకుశం గారిని వేశారు. ఆయన అంతవరకూ పురావస్తు శాఖలో రాతి విగ్రహాలను చూసుకునేవారు. విగ్రహాలు కదలవు, లావెక్కవు, అర్జీలు పెట్టవు. ఆ అలవాటుతోనే ఆయన మా ఊరికి వచ్చారు. ఆయన దగ్గర దృశ్య సహాయకుడిగా కాంట్రాక్టు మీద నన్ను తీసుకున్నారు. డిగ్రీ చదివినందుకు నాకు అప్పగించిన మొదటి పని సున్నం గీతలు గీయడం.

మొదటిరోజు పరాంకుశం గారు ఫొటోను కంటి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, ముందుకూ వెనక్కూ నడిచారు. ఒకచోట చటుక్కున ఆగి, "ఇచ్చటి నుండియే!" అని అరిచారు. ఆయన బూటు కింద ఒక మట్టిపొయ్యి ముక్కలు ముక్కలుగా ఉంది. ఫొటో అంచులు నేలమీద ఎక్కడెక్కడ పడతాయో ఆయన చెప్పారు, నేను గీశాను. గీత లోపలిది దృశ్యం. గీత బయటిది ఊరు.

దృశ్యం మధ్యలో ఫొటోలోని మనిషి సత్తు గిన్నె తోముకుంటోంది. పేరు సూరాడ బండెమ్మ. మొగుడు ఎల్లాజీ ఊళ్లోని చాలామంది మగవాళ్లలాగే గుజరాత్ వెళ్లి అక్కడి బోట్ల మీద వేట చేస్తాడు. ఉన్న ఒక్క కూతురికి పోయినేడే పెళ్లి చేశారు.

పరాంకుశం గారు చేతులు జోడించారు. "అమ్మా, మీరు యావజ్జాతి హృదయమును ద్రవింపజేసితిరి."

బండెమ్మ నావైపు చూసింది. "ఏటంటన్నాడు బావూ?"

"నీ ఫొటో చూసి దేశమంతా ఏడ్చిందట."

"అయ్యో పాపం! ఆలకేటి పోనాది?"

పరాంకుశం గారు ఆ ప్రశ్నను వినలేదు. "ఆ మహత్తర క్షణమున మీ అంతరంగమున ఎట్టి భావము మెదలినది?"

"ఏటి మెదుల్తాది? ఇల్లంతా ఎగిరిపోనాది. నాను సేత్తో ఏసుకున్న పొయ్యి ఒకటీ మిగిలినాది. ఆ ఫొటో బావు ఎనక్కి ఎనక్కి నడిసి దాని మీదకే వస్తన్నాడు. 'ఆడే ఆగు బావూ, పొయ్యి తొక్కీకు' అని సేతులు సాపి కేకేసినాను. ఈలోగా తొక్కీసినాడు."

"అంటే, ఆ సమయమున మీరు రోదించుట లేదా?"

"ముందురోజే ఏడిసీసినాను. కడుపులో ఉన్నదంతా ఏడిసినాను. అప్పుడు ఎవులూ రానేదు."

పరాంకుశం గారు కాసేపు ఆలోచించి నాతో రాయించారు: 'తీవ్ర మనోవేదన కారణముగా బాధితురాలు విషయమును వివరింపజాలకపోయినది.'

ఆ తర్వాత ఊళ్లో పనులు జోరందుకున్నాయి. ఎవరూ నమ్మరు గానీ నిజంగానే కట్టారు. స్లాబు ఇళ్లు లేచాయి. బండెమ్మ చేతులు చాపిన పుణ్యాన ఊరంతా పైకప్పు కిందికి చేరింది. మిగిలింది గీత లోపలి ఒక్క ఇల్లే. పక్కింటి గనగళ్ల సింహాచలానిది గీతను ఆనుకున్న స్థలం. అతని వంటగది ఫొటోలోకి వస్తోందని దాన్ని తీసేసి మిగతా ఇల్లు కట్టారు. దృశ్యం వైపు ఉన్న అతని గోడకు నల్లటి మబ్బులు వేయించారు, వెనకాల ఆకాశం చెడిపోకూడదని. సింహాచలం పెళ్లాం పొద్దున్నే తలుపు తీసి ఆ గోడను చూసి బట్టలు ఆరేయాలా వద్దా అని తేల్చుకోలేకపోయేది.

ఇల్లు ఎప్పుడు కడతారని బండెమ్మ అడిగింది. పరాంకుశం గారు ఓపికగా వివరించారు.

"అమ్మా, ఫొటో యందు ఉన్నది ఇల్లు లేని స్త్రీ. మీకు ఇల్లు వచ్చినచో ఫొటో అసత్యమగును. ఫొటో అసత్యమైనచో దానిని చూచి వచ్చిన సహాయమంతయు అసత్యమగును. మీ ఇరుగుపొరుగుల ఇండ్లు ఏ పునాదిపై నిలిచినవి? మీకు ఇల్లు లేకపోవుటపై నిలిచినవి."

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. నేను చాలాసార్లు వెతికాను.

బండెమ్మ మటుకు పట్టు వదల్లేదు. తనకోసమైతే ఆమె అడిగేదే కాదు. సింహాచలం అరుగు మీద పడుకుంటోంది, బాగానే ఉంది. కానీ కూతురు పైడితల్లికి నెలలు నిండుతున్నాయి. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి. ఆస్పత్రిలో పురుడు పోసుకున్నా మూడోనాటికి పిల్లను తీసుకుని వచ్చేది పుట్టింటికే. పురిటి మంచం ఇంకొకళ్ల ఇంట్లో వేయనివ్వరు. ఎంత ప్రాణం పెట్టే పొరుగువాళ్లైనా ఆ ఒక్కటీ ఒప్పుకోరు, ఒప్పుకోమని అడగకూడదు కూడా. తల్లికి ఇల్లు లేకపోతే ఆ పిల్లకు పుట్టిల్లు లేనట్టే.

"నాకు కోట ఒద్దు బావూ," అనేది నాతో. "నా కూతురు, దాని గుంటడో గుంటో పడుకోడానికి ఒక మంచమంత నీడ గావాల. అంతే."

నేను పైవాళ్లకు రాస్తానని చెప్పేవాణ్ణి. రాసేవాణ్ణి కూడా.

ఇంతలో సందర్శకుల బస్సులు మొదలయ్యాయి. ఫొటోను చూసి ఏడ్చినవాళ్లు అసలు చోటు చూసి ఇంకా బాగా ఏడవాలని వచ్చేవాళ్లు. వాళ్లకోసం ఒక అటెండరు చేతిరుమాళ్ల పెట్టెతో సిద్ధంగా నిలబడేవాడు. సాయంత్రానికి ఎన్ని తడిశాయో చూసి దృశ్యం సరిగా పనిచేస్తోందో లేదో తేల్చేవారు. మొదట్లో అన్నీ తడిసేవి. పోనుపోను పొడిగా తిరిగి వచ్చేవి ఎక్కువయ్యాయి.

పరాంకుశం గారు కలవరపడి విచారణ జరిపించారు. లోపాలు బయటపడ్డాయి. బురద ఎండిపోయింది. వెంటనే ట్యాంకరు పెట్టి రోజూ తడిపించారు. సింహాచలం కోళ్లు దృశ్యంలో తిరుగుతున్నాయి. ఫొటోలో కోళ్లు లేవు కాబట్టి వాటిని తరమడానికి ఒక మనిషిని వేశారు. అన్నిటికంటే పెద్ద లోపం బండెమ్మ. దానంగా వచ్చిన నీలం చీర కట్టుకుంది. పైగా నవ్వుతోంది. బస్సు దిగిన వాళ్లను పలకరిస్తోంది, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని అడుగుతోంది.

"సందర్శకుల యోగక్షేమములు విచారించుట బాధితుల విధులలో లేదు," అన్నారు పరాంకుశం గారు. "ఫొటోలోని చీర ఎచ్చట?"

"అదా? బిందె కింద సుట్టకుదురు సేసినాను. ఇంకెందుకు పనికొత్తాది?"

అలాంటి చీర ఒకటి కొత్తగా నేయించారు. ఫొటోలో ఉన్నచోటే చినగాలి కాబట్టి చింపడానికి పట్నం నుంచి నిపుణుడు వచ్చాడు. చింపడానికి పట్టిన కాలం నేయడానికి పట్టలేదు. బండెమ్మ ఆ చీర కట్టుకుని పొద్దున పది నుంచి ఐదు వరకు, మధ్యాహ్నం భోజనం వేళ తప్ప, గుమ్మం ముందు కూర్చోవాలని ఉత్తర్వు. ఆమె కూర్చుంది. అలా కూర్చుంటే ఇల్లు ఇస్తారేమోనని ఆశ. ఆ ఆశ నాకు తెలుసు. దాన్ని చెరిపేసే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.

ఒకనాడు బస్సు దిగిన ఒక పెద్దావిడ అటూ ఇటూ చూసి పెదవి విరిచింది. "ఫొటోలో ఉన్నంత బాగా లేదండీ."

బండెమ్మ కూర్చున్నచోటి నుంచే జాలిగా అంది. "నానేటి సెయ్యను తల్లీ. ఇంకోపాలి తుపాను రావాల."

పైడితల్లి కానుపు గురించి ఆమె పెట్టుకున్న అర్జీ చివరికి నిపుణుల సంఘం ముందుకు వెళ్లింది. సమావేశం ఏసీ హాల్లో జరిగింది. గోడకు ఆ ఫొటో నిలువెత్తున ఉంది. దాని కింద బండెమ్మ, పక్కన నేను.

"ఫొటో యందు గర్భిణీ స్త్రీ లేదు," అని ప్రారంభించారు పరాంకుశం గారు.

ఒక నిపుణుడు దగ్గాడు. "అయినను, శిథిల గృహద్వారము చెంత నిండు గర్భిణి నిలిచినచో భావోద్వేగ తీవ్రత గణనీయముగా పెరుగునని నా అభిప్రాయము."

"పెరుగును. కానీ గర్భమునకు పర్యవసానమొకటి ఉన్నది," అన్నాడు రెండోవాడు. "శిశువు జన్మించును. శిశువు వలన ఆనందము కలుగును. ఆనందము దృశ్యమునకు మిక్కిలి హానికరము."

చాలాసేపు వాదించుకున్నారు. మధ్యలో జీడిపప్పు వచ్చింది. చివరికి ఏకగ్రీవంగా తీర్మానించారు: కూతురు గీత లోపలికి వచ్చి నిలబడవచ్చు, కానుపైన మీదట మాత్రం గీత బయటే ఉండవలెను.

"గీత బయట నాకు ఇల్లు నేదు కదా బావూ?" అంది బండెమ్మ.

"అది మా పరిధిలోనికి రాదు," అన్నారు పరాంకుశం గారు. ఆయన మంచి మనిషి, బండెమ్మ ప్లేటులోకి తన జీడిపప్పు వంచారు. అదే సమావేశంలో ఇంకో నిబంధన కూడా చేశారు: సదరు ఛాయాచిత్రమును గాని, దాని ఏ నకలును గాని, ఏ పరిమాణమున ఉన్నను, ఎచ్చట ప్రదర్శింపబడినను, తొలగించుట, మడచుట, చించుట నేరము. ఆ ఫొటోతో ఊరి మొదట్లో కట్టిన పెద్ద ఫ్లెక్సీ మూలను ఎవరిదో మేక నమిలిందని ఫిర్యాదు వచ్చింది, అందుకని.

అప్పుడే మళ్లీ వాయుగుండం అన్నారు. పైడితల్లి ఆ వారమే వచ్చింది, పెద్ద పొట్టతో, చేతిలో సంచితో. ఊరిని తుపాను షెల్టరుకు తరలించమని ఆదేశం వచ్చింది. మొదట తరలించింది గుమ్మాన్ని. అది అసలు వస్తువు, పోతే మళ్లీ రాదు. దాన్ని మెత్తటి దుప్పట్లలో చుట్టి, లారీలో పడుకోబెట్టి, షెల్టరులో గాలీ జల్లూ తగలని గదిలో పెట్టి తాళం వేశారు. జనం వచ్చేసరికి మిగిలింది వరండా. నెలలు నిండిన పిల్ల జల్లులో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె కాళ్ల మీద బండెమ్మ తన కొంగు కప్పింది. లోపల గుమ్మం దుప్పట్లలో వెచ్చగా ఉంది.

నాకు ఆ రోజు చాలా కోపం వచ్చింది. ఉద్యోగం కాంట్రాక్టుది, కోపమూ కాంట్రాక్టుదే అయింది. నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

గాలి దారి మార్చుకుంది. వాన మాత్రం దంచి కొట్టింది. తెరిపి ఇచ్చాక ఊళ్లోకి వెళ్లి చూస్తే ఇళ్లన్నీ చెక్కుచెదరలేదు. రెండే నష్టాలు. ఊరి మొదట్లోని ఫ్లెక్సీ తాళ్లు తెగి, వచ్చి సింహాచలం ఇంటి పక్కన పడింది. నా సున్నం గీతలు ఒక్కటీ లేకుండా కొట్టుకుపోయాయి. దృశ్యం ఎక్కడ మొదలవుతుందో, ఊరు ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేని పరిస్థితి. గుమ్మమైనా ఉంటే ఆనవాలు ఉండేది, అది షెల్టరులో భద్రంగా ఉంది. తాళంచెవి పరాంకుశం గారి దగ్గర. ఆయన రాజధానిలో ఉన్నారు, కొత్త కొలతలకు సర్వేయరును పంపాలంటే ఫైలు కదలాలి.

ఆ ఫైలు కదిలేలోగా గుల్లలపేట కదిలింది. ఆడవాళ్లు మట్టి తొక్కారు. మగవాళ్లు సరుగుడు కర్రలు పాతారు. మోకాలెత్తు గోడలు లేచి నడుమెత్తుకు వచ్చాయి. మా వైపు పాత ఫ్లెక్సీని ఎవరూ పారేయరు. పాకల మీద, పశువుల కొట్టాల మీద ఎన్నికల నాయకులంతా ఎండా వానా కాస్తూ ఉంటారు. సింహాచలం, అతని తమ్ముళ్లు ఆ ఫ్లెక్సీని మడవకుండా నలుగురు నాలుగు మూలలా పట్టుకుని తెచ్చి కర్రల మీద పరిచారు, ఫొటో ఆకాశం వైపు ఉండేట్టు.

"బొమ్మ లోపలకి ఎట్టమంటావా అక్కా?" అని అడిగాడు సింహాచలం.

"ఒద్దురా. దాన్నే తడవనీ. నాను సాలా తడిసినాను," అంది బండెమ్మ.

ఫైలు కంటే ముందు కబురు వెళ్లింది. పరాంకుశం గారు కారు దిగి నిర్ఘాంతపోయారు. ఇల్లు లేని స్త్రీ చోట ఇల్లుంది. దాని మీద అడ్డంగా పడుకుని, చేతులు రెండూ ఆకాశానికి చాపి, ఇల్లు లేని స్త్రీ ఉంది.

"ఈ నిర్మాణమును తక్షణము తొలగింపుడు!"

పనివాళ్లు ముందుకు నడిచారు. నేను గొంతు సవరించుకున్నాను. "సార్, పైకప్పు తీస్తే ఫొటోను తొలగించినట్టు అవుతుంది. కిందికి దించాలంటే మడవాలి. రెండూ నేరాలే. తమరే..."

పనివాళ్లు ఆగిపోయారు. పరాంకుశం గారు పైకప్పుకేసి చూశారు. జేబులోంచి తన నిబంధన తీసి చదువుకున్నారు. ఏ పరిమాణమున ఉన్నను. ఎచ్చట ప్రదర్శింపబడినను. తాను రాసిన దాంట్లో తనకే సందు దొరకక ఆయన చెమట తుడుచుకున్నారు.

"అయినచో పైకప్పును ఉంచి గోడలు తొలగింపుడు."

"ఫొటో కింద పడుతుంది సార్."

లోపల పైడితల్లి మూలిగింది. బండెమ్మ తడిక పక్కకు జరిపి బయటికి వచ్చింది. "బావూ, నీకు దండమెడతాను. కారు అడ్డు తీయించు. ఆటో రావాల. పిల్లకి నొప్పులొచ్చీసినాయి."

కారు అడ్డు తీశారు. ఆయన జీవితంలో అంత త్వరగా అమలైన ఉత్తర్వు అదొక్కటే అనుకుంటాను. మండలం ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. మూడోనాడు తల్లీ బిడ్డా ఆటోలో పుట్టింటికి వచ్చారు. ఫ్లెక్సీ కింద నులకమంచం, మంచం మీద పిల్ల. నీడ సరిగ్గా మంచమంతే ఉంది. ఎవరూ చూడకుండా నేను పెట్టెలోంచి ఒక పొడి చేతిరుమాలు తీసుకున్నాను.

పిల్ల పుట్టి వారం తిరక్కుండానే ఫొటో బావు మళ్లీ దిగాడు. గీతల గురించీ నిబంధనల గురించీ అతనికి పట్టదు, అతనికి వెలుగు బాగుండాలి. పిల్లను ఎత్తుకున్న బండెమ్మను వాకిట్లో నిలబెట్టి, కెమెరా కంటికి ఆనించి, వెనక్కి వెనక్కి నడిచాడు. అతని వెనకాల, బండెమ్మ కొత్తగా వేసుకున్న మట్టిపొయ్యి ఇంకా ఆరుతోంది. ఆమె పిల్లను గభాల్న గోడవారన కూర్చున్న పైడితల్లి ఒళ్లో పెట్టి, రెండు చేతులూ ముందుకు చాపి, నోరంతా తెరిచింది.

"ఆడే ఆగు బావూ, పొయ్యి తొక్కీకు!"

కెమెరా క్లిక్కుమంది. ఈసారి అతను ఆగాడు. నేను వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగాను మరి.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. అవే చేతులు, అదే నోరు. వెనకాల పసిపిల్లతో బాలింత. కింద పెట్టిన మాట: 'దేవుడా, ఇంతకంటే నాకేం కావాలి!' పట్నాల్లో మళ్లీ కాఫీలు చల్లారాయి. ఈసారి ఆనందంతో ఏడ్చారట.

సంస్థ అత్యవసరంగా సమావేశమైంది. ఆనందం వల్ల కూడా రుమాళ్లు తడుస్తాయని నిపుణులు కనుక్కున్నారు. కొత్త దృశ్యాన్ని ఉన్నది ఉన్నట్టు కాపాడాలని తీర్మానించి, పరాంకుశం గారు నాకు ఉత్తర్వు పంపారు: 'ఫొటో యందు కనబడు సమస్తమును, గోడల మట్టిరంగుతో సహా, యథాతథముగా ఉంచవలెను. శిశువు ఎదుగుదల విషయమై తగు ఆదేశములు వెలువడు వరకు సదరు శిశువు ప్రస్తుత పరిమాణముననే ఉండునట్లు చూడవలెను. తక్షణము గీతలు గీయవలెను.'

నేను సున్నం బస్తా, బొక్కెన సైకిలు మీద పెట్టుకుని వెళ్లాను. బండెమ్మ వాకిలి ఊడుస్తోంది. లోపల పిల్ల, తన పరిమాణం గురించి ఎవరినీ అడగకుండా, కాళ్లు తన్నుతూ గుక్కపట్టి ఏడుస్తోంది. దృశ్య సహాయకుడిగా ఎన్నో ఏడుపుల మీద నివేదికలు రాశాను గానీ, అలాంటి ఏడుపు వినలేదు.

బండెమ్మ బస్తా చూసి చీపురు పక్కన పెట్టింది. మొహం విప్పారింది.

"మంచి ఏలకి తెచ్చినావు బావూ! రేపటితో పురుడు ఎల్లిపోద్ది. గోడలకి సున్నం ఎయ్యాల, ఎక్కడ తేవాలా అనుకుంటన్నాను."

జేబులో ఉత్తర్వు ఉంది. చేతిలో బొక్కెన ఉంది. బొక్కెనను ఆమెకు అందించి, బస్తా మూతి విప్పాను.